పోనీ... ఉండనీ!

"గుర్రానికి తోడు వెతుకుతున్నాం నానమ్మా" అని ఫోన్‌లో చెప్పగానే అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"నీకు సంబంధాలు చూస్తుంటే ఫొటో కూడా పంపకుండా తప్పించుకు తిరుగుతున్నావు. అక్కడ గుర్రాలకి సంబంధాలు చూస్తున్నావట్రా?"

"సంబంధం కాదు, తోడు. ఒక పోనీ కావాలి."

"పోనీ ఏంట్రా?"

పొట్టి గుర్రాన్ని ఇంగ్లిష్‌లో పోనీ అంటారని చెప్పా. "అదేం పేరు? ఇంటికి తెచ్చుకునేదాన్ని ఉండనీ అనాలి గానీ, పోనీ అంటారా ఎవరన్నా!" అంది. ఆ తర్వాత మూడు నెలలు ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా నా ఉద్యోగం గురించి కాదు, దాని గురించే అడిగింది.

అసలు సంగతికొస్తా. నేనుండేది ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో. టైటానిక్ బయల్దేరిన ఊరు. ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లుగా కోడ్ రాస్తున్నా. మా టీమ్‌లో టెస్టింగ్ చూసే పెద్దావిడ ఉంది. మా అమ్మ కంటే వయసులో పెద్దది. ఆవిడ ఇల్లు న్యూ ఫారెస్ట్ అంచున, ఇంటి వెనక రెండెకరాల పచ్చిక, అందులో మర్ఫీ అనే గుర్రం. (తన పేరు రాయొద్దంది, గుర్రం పేరు రాసుకోమంది.) నాకిక్కడ కారు లేదు, పెద్దగా స్నేహితులూ లేరు. శనివారం వస్తే గదిలో పడుకుని రీల్స్ చూడటమే. అది కనిపెట్టి "వచ్చి పేడ ఎత్తుతావా, భోజనం పెడతా" అంది. వెళ్లా. అలా అలవాటైంది.

న్యూ ఫారెస్ట్ వెళ్లడం చాలా తేలిక. సౌతాంప్టన్ సెంట్రల్‌లో రైలెక్కితే పావుగంట, ఇరవై నిమిషాల్లో బ్రోకెన్‌హర్స్ట్. ఫారెస్ట్ అన్నారని మన నల్లమలలాగా ఊహించుకోకండి. ఓక్, బీచ్ చెట్ల గుంపులున్నాయి గానీ, వాటి మధ్య ఎంతో మేర చెట్టు లేని బయలే. ఆగస్టులో ఆ బయలంతా హెదర్ పూలతో ఊదారంగులో ఉంటుంది, అక్టోబరుకి బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క ఎండి తుప్పురంగుకి మారుతుంది. విలియం అనే రాజు 1079లో వేట కోసం దీన్ని ప్రత్యేకించుకున్నాడు. అంటే ఈ 'న్యూ'కి తొమ్మిది వందల ఏళ్లు దాటాయి. మా కోడ్‌బేస్‌లో కూడా 'న్యూ' అని పేరున్న ఫోల్డరే అన్నిటికన్నా పాతది.

స్టేషన్ నుంచి బయటికొచ్చిన కాసేపటికే కనిపిస్తాయి పోనీలు. రోడ్డు మీద, బస్టాప్ పక్కన, షాపు గుమ్మం ముందు. మన ఊళ్లో ఆవులు పడుకున్నట్టే దర్జాగా నిలబడి ఉంటాయి. కార్లే ఆగుతాయి. సుమారు 5,000 పోనీలు, వాటితోపాటు ఆవులు, గాడిదలు ఈ అడవిలో వదిలేసినట్టు తిరుగుతుంటాయి.

మర్ఫీ కథ సెప్టెంబరులో మొదలైంది. అప్పటిదాకా దానికి తోడుగా ఒక ముసలి ఆడగుర్రం ఉండేది. పదకొండేళ్లు కలిసున్నాయి. ఒక రాత్రి దానికి కడుపులో పేగు మెలిపడింది. తెల్లారేసరికి డాక్టర్ వచ్చి, చేయగలిగిందేమీ లేదని నిద్రపుచ్చేశారు. కళేబరాన్ని తీసుకెళ్లే ముందు మర్ఫీని తీసుకొచ్చి వాసన చూడనిచ్చారు. ఇక్కడ చాలామంది అలా చేస్తారట, లేదంటే బతికున్నది రోజుల తరబడి వెతుక్కుంటూనే ఉంటుందని.

వాసన చూసినా వెతకడం మానలేదు. నేను ఆ శనివారం వెళ్లేసరికి కంచె వెంబడి మట్టి బాట పడిపోయింది, అటూ ఇటూ నడిచి నడిచి. ఆగి సకిలించడం, చెవులు నిక్కబొడిచి వినడం, మళ్లీ నడవడం. దాణా సగం వదిలేస్తోంది. మూడో వారానికి పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా అయింది. ఒక సాయంత్రం కంచె విరగ్గొట్టుకుని రోడ్డెక్కేసింది. ఆ అడవి రోడ్ల మీద వేగ పరిమితి గంటకి 40 మైళ్లు. ప్రతి ఏడాదీ అక్కడ కార్లు గుద్ది పోనీలు చచ్చిపోతూనే ఉంటాయి. ఆ రోజు ఎవరో ఆపి, బెల్టుతో కట్టి పట్టుకోబట్టి బతికింది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ముందుకాళ్ల గాయాలు. గిట్టకి కాస్త పైన, రెండు కాళ్లకీ ముందువైపు చర్మం చెక్కుకుపోయింది. పడిందేమో అనుకున్నా. డాక్టర్ చూసి "ఇది నిద్రపోవట్లేదు" అన్నారట. గుర్రాలు నిలబడి కునుకు తీస్తాయని మనందరికీ తెలుసు. కానీ గాఢనిద్ర పట్టాలంటే రోజులో కాసేపైనా నేల మీద పడుకోవాలి. మందలో ఒకటి పడుకుంటే ఇంకొకటి నిలబడి కాపలా కాస్తుంది. కాపలా లేకపోతే పడుకోవడానికి భయం. అలా రోజులు గడిస్తే నిలబడే మగత కమ్మి, మోకాళ్లు మడతపడి తూలిపడబోయి లేస్తుంది. ఆ గాయాలు అవి.

ఇక్కడి చట్టం కూడా ఈ సంగతి గుర్తించింది. 2006 నాటి జంతు సంక్షేమ చట్టంలో మేత, నీరు, వైద్యంలాగే 'ఇతర జంతువులతో కలిసి గానీ, విడిగా గానీ ఉండాల్సిన అవసరం' తీర్చడం కూడా యజమాని బాధ్యత అని రాసుంది.

"శీతాకాలంలోపు తోడు దొరక్కపోతే మర్ఫీని ఇచ్చేస్తా. నాలుగు గుర్రాలున్న చోటికి పంపిస్తా" అంది ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది. కానీ చేతిలో ఉన్న బ్రష్‌ని అప్పటికి పది నిమిషాలుగా ఒకే చోట రుద్దుతోంది.

అప్పుడు నేనిచ్చిన సలహా చూడండి. "మీ అడవిలో ఐదు వేలున్నాయిగా, ఒకటి తోలుకొస్తే పోలా?"

ఆవిడ పడీపడీ నవ్వింది, చాలా రోజుల తర్వాత. ఆ ఐదు వేలల్లో ప్రతిదానికీ యజమాని ఉన్నాడు. అడవి చుట్టుపక్కల కొన్ని ఇళ్లకి, పొలాలకి అనాదిగా మేపుకునే హక్కుంది. ఆ హక్కు మనిషికి కాదు, ఆ స్థలానికి. అలాంటివాళ్లని కామనర్స్ అంటారు. మందని పర్యవేక్షించే అజిస్టర్లు అనే ఉద్యోగులుంటారు. ఏడాది రుసుం కట్టిన పోనీకి తోక వెంట్రుకలు ఒక తీరులో కత్తిరిస్తారు. అజిస్టర్‌ని బట్టి ఆ కత్తిరింపు తీరు మారుతుంది. తోక చూస్తే ఏ ప్రాంతపుదో చెప్పేయొచ్చు. తోకే రసీదన్నమాట.

శరదృతువులో పోనీల్ని గుర్రాల మీద తరిమి ఒకచోటికి చేర్చి, లెక్క చూసి, పిల్లల్లో కొన్నింటిని అమ్మేస్తారు. అమ్మే చోటు పేరు బ్యూలీ రోడ్. ఆ పేరులోని అక్షరాల్ని చూస్తే 'బ్యూలియు' అని చదువుతాం, నేనూ అలాగే చదివి నవ్వుల పాలయ్యా. స్టేషన్ పక్కనే చెక్క కంచెలతో పశువుల సంత. ఒక సంత రోజు అక్కడికీ వెళ్లాం. పాల వాసన వదలని పిల్లలు, కళ్లు ఇంతింత చేసుకుని ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. ఒకటి కొనేద్దామా అన్నా. "వీటికి మనిషి చెయ్యి ఎలా ఉంటుందో తెలీదు. మర్ఫీ ఇప్పుడే భయపడి ఉంది. దానికి ఇంకో భయపడేదాన్ని తోడిస్తే భయం రెండింతలవుతుంది" అంది. నిజమే. భయం గుర్రాల మధ్య వైఫై కంటే వేగంగా పాకుతుంది.

ఆ సంతలో నిలబడ్డప్పుడు మా తాతయ్య గుర్తొచ్చాడు. మాది ఒంగోలు దగ్గర ఊరు. ఒక ఏడాది తాతయ్య జతలో దాపటెద్దు పాము కరిచి చచ్చిపోయింది. మిగిలినదానికి జత కోసం ఆయన మూడు సంతలు తిరిగాడట. పళ్లు చూడటం, సుడులు చూడటం, నడిపించి చూడటం, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడటం. ఎత్తు కుదిరితే నడక కుదరదు, నడక కుదిరితే ధర కుదరదు. ఆఖరికి ఉన్న ఎద్దునీ అమ్మేశాడు. నేను పుట్టకముందు సంగతి ఇది. నానమ్మ ఈ మధ్యే ఒక ముక్క కొత్తగా చెప్పింది. ఆ ఎద్దు గాడిలో తన సగం వైపు మేతే తినేదట. రెండో సగంలో వేసిన గడ్డి సాయంత్రానికి అలాగే ఉండేదట.

సరే, వేట మొదలుపెట్టాం. అక్టోబరంతా శని, ఆదివారాలు. ఇక్కడ ప్రకటనల్లో 'కంపానియన్ ఓన్లీ' అని ఒక విభాగమే ఉంది. స్వారీకి పనికిరావు, తోడుగా మాత్రమే ఉంచుకోవచ్చు. ముసలివి, కీళ్లనొప్పులున్నవి, ఒక కన్ను పోయినవి. వరల్డ్ హార్స్ వెల్ఫేర్ లాంటి సంస్థలు కూడా ఇలాంటివాటిని దత్తతకిస్తాయి. వాళ్లు మన ఇల్లు, కంచె, పచ్చిక వచ్చి చూసుకుని మరీ ఇస్తారు. అక్కడా దరఖాస్తు పెట్టి, ఈలోపు సొంతంగా వెతకసాగాం.

ప్రకటనల భాష మన మ్యాట్రిమోనీ భాషలాంటిదే. ఎక్కువగా కనిపించే మాట 'బాంబ్ ప్రూఫ్'. పక్కన బాంబు పేలినా అదరదని. ఎత్తు దగ్గర నేను బోల్తాపడ్డా. గుర్రాల ఎత్తుని 'హ్యాండ్స్'లో కొలుస్తారు, ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు, మూపు దాకా కొలత. పోనీ అంటే 14.2 లోపు. దాన్ని పద్నాలుగున్నర కంటే తక్కువ అనుకుని స్ప్రెడ్‌షీట్ తయారుచేశా. అది దశాంశం కాదు, 14 హ్యాండ్స్ మీద 2 అంగుళాలు. 14.3 తర్వాత 15 వచ్చేస్తుంది. దశాంశం కాదురా నాయనా, వెర్షన్ నంబర్!

మొదటి పెళ్లిచూపులు. షెట్‌లాండ్ పోనీ, నా నడుం దాకా కూడా లేదు. గోధుమరంగు, కళ్ల మీద పడే జూలు. వెళ్లగానే వచ్చి నా జేబు వాసన చూసింది. చిన్నపిల్లలు కింద నుంచి దూరినా కదలదన్నారు. నేను మనసులో ఓకే చేసేశా. ఆవిడ మాత్రం "మీ రెండో గుర్రాన్ని కాసేపు కనపడనంత దూరం తీసుకెళ్తారా" అని అడిగింది. తీసుకెళ్లారు. అంతే, అరనిమిషంలో ఆ బుజ్జి పోనీ వేరే జంతువైపోయింది. అరుపులు, గేటుకేసి గుద్దుకోవడం, ఒళ్లంతా చెమట.

తిరిగొస్తుంటే కారులో ఆవిడ చెప్పిన మాట నాకు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో కూడా పనికొచ్చేలా ఉంది. "తోడున్నప్పుడు అన్నీ నెమ్మదిగానే ఉంటాయి. నేను మర్ఫీ మీద స్వారీకెళ్తే, ఆ గంటసేపు ఇది ఒంటరిగా ఉండాలి కదా. అది ఉండలేకపోతే దీనికి తోడు ఇంకోటి, దానికి తోడు ఇంకోటి."

అంటే ఒంటరిగా ఉండలేని దాని కోసం, ఒంటరిగా ఉండగలిగేదాన్ని వెతుకుతున్నాం. ఈ లాజిక్ అర్థమవడానికి నాకు ఆ షెట్‌లాండ్ గేటు గుద్దాల్సొచ్చింది.

రెండోది ఎంత నెమ్మదంటే, రెండో గుర్రాన్ని తీసుకెళ్లినా తల కూడా తిప్పలేదు. ప్లాస్టిక్ కవర్ గలగలలాడించినా చెవి కదల్చలేదు. టెస్ట్ కేసులన్నీ పాస్! నేను బొటనవేలు ఎత్తి చూపించా. ఆవిడ దాని వెనక నిలబడి చాలాసేపు చూసింది. బరువంతా మడమల మీదకి తోసి, ఒక ముందుకాలు, తర్వాత ఇంకో ముందుకాలు మార్చి మార్చి పెడుతోంది. ఆవిడ వంగి గిట్ట మీద అరచెయ్యి పెట్టింది, కాలి వెనక నాడి పట్టుకుంది. గిట్ట వేడిగా ఉంది, నాడి గట్టిగా కొట్టుకుంటోంది. లామినైటిస్. గిట్ట లోపలి కణజాలం వాచి, అడుగు వేస్తే ప్రాణం పోయేంత నొప్పి పెట్టే జబ్బు. బక్క మేత మీద బతకడానికి పుట్టిన పోనీల్ని చక్కెర ఎక్కువుండే పచ్చగడ్డిలో వదిలితే వచ్చే అవకాశం ఎక్కువ.

అంటే అది నెమ్మది కాదు, నొప్పి. కదల్లేక కదలకుండా ఉంది. యజమాని మోసం చేశాడని కూడా అనలేను. ఆయనకి నిజంగా తెలియదు, తన పోనీ చాలా మంచిదనుకుంటున్నాడు. ఆవిడ వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయమని గట్టిగా చెప్పి, ఆయన చేసేదాకా అక్కడే నిలబడింది. నేను ఎత్తిన బొటనవేలు మెల్లగా జేబులో పెట్టుకున్నా.

మధ్యలో మేక ఐడియా కూడా వచ్చింది. పందెపు గుర్రాలకి మేకని తోడుగా పెట్టడం పాత అలవాటు. అమెరికాలో 1930ల్లో పేరుమోసిన సీబిస్కెట్ తెలుసుగా, సినిమా కూడా వచ్చింది. కంగారుగా తిరుగుతుండేదని దాని ట్రైనర్ మొదట ఒక మేకని పెడితే, సీబిస్కెట్ దాన్ని నోటితో పట్టి బయటికి విసిరేసింది. తర్వాత పంప్‌కిన్ అనే పసుపు గుర్రాన్ని తెస్తే కుదురుకుంది. మర్ఫీకి మేకని విసిరే ఛాన్స్ ఇవ్వకూడదని నిర్ణయించాం. ఎంతైనా గుర్రం భాష గుర్రానికే వచ్చు.

నవంబరు మొదటి ఆదివారం, లిండ్‌హర్స్ట్ దాటి ఒక చిన్న ఊరు. దారిలో పందులు అడ్డమొచ్చాయి. పోనీలకి ఓక్ కాయలు విషం, అందుకని శరదృతువులో వాటిని తినిపెట్టడానికి పందుల్ని అడవిలోకి వదులుతారు. నాకు ఆ ఏర్పాటు భలే నచ్చింది.

పోనీ పేరు హేజల్. పంతొమ్మిదేళ్ల ఆడది, న్యూ ఫారెస్ట్ జాతి, ముదురు గోధుమరంగు, మూతి దగ్గర నెరిసింది. ముగ్గురు పిల్లలు దాని మీదే స్వారీ నేర్చుకుని, ఆఖరి పిల్ల ఆ ఏడాదే యూనివర్సిటీకి వెళ్లిపోయింది. వెనక కాళ్లలో కీళ్లవాతం, ఇక మనిషిని మోయలేదు. నా దగ్గరికి రాలేదు, పారిపోనూ లేదు. ఒకసారి చూసి, గడ్డిలో పడింది.

పరీక్ష పెట్టాం. పక్కనున్న గుర్రాన్ని తీసుకెళ్లారు. హేజల్ తల ఎత్తింది. చెవులు రెండూ అటే. ఒక్కసారి సకిలించింది. జవాబు కోసం విన్నట్టు కాసేపు నిలబడి, ఊపిరి గట్టిగా వదిలి, తల దించి మేయడం మొదలుపెట్టింది. నాకు కొంచెం నిరాశగా ఉంది, ఏదో ఒకటి చేస్తుందని చూస్తే ఏమీ చేయలేదు. పక్కకి చూస్తే ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. "పట్టించుకుంది చూశావా? పట్టించుకుని కూడా ఉండగలిగింది" అంది.

డబ్బు తీసుకోలేదు. కాగితం రాసుకున్నారు: అమ్మకూడదు, ఉంచుకోలేకపోతే మళ్లీ మాకే ఇవ్వాలి. డాక్టర్ చేత పరీక్ష, పాస్‌పోర్ట్, మైక్రోచిప్. అవును, ఇక్కడ ప్రతి గుర్రానికీ పాస్‌పోర్ట్ తప్పనిసరి. నాకంటే తొందరగా దాని పేపర్‌వర్క్ అయిపోయింది.

తీసుకొచ్చాక వెంటనే కలపలేదు. మధ్యలో కంచె, అటు మర్ఫీ, ఇటు హేజల్. మొదటి రోజు మర్ఫీ తోక ఎత్తుకుని పరుగులు, ముక్కులు ఆనించి కీచుమని అరవడం, కాలు విసరడం. హేజల్ వెనక్కి తిరిగి నిలబడింది, అంతే. నాలుగోరోజుకి రెండూ కంచెకి అటూ ఇటూ ఒకే చోట మేస్తున్నాయి. పదోరోజు మధ్య తాడు తీసేశారు. ఆ శనివారం నేనున్నా. మర్ఫీ కాసేపు తరిమింది. హేజల్ కుంటుకుంటూ పక్కకి జరిగింది, ఇంకొంచెం జరిగింది, తర్వాత చెవులు వెనక్కి వాల్చి ఒక్క చూపు చూసింది. అయిదడుగుల నాలుగంగుళాల మర్ఫీ ఆగిపోయింది. ఇంకో గంటకి ఒకదాని మూపు ఒకటి పళ్లతో గోకుతూ నిలబడ్డాయి.

రెండ్రోజుల తర్వాత, తెల్లవారుజామున 5:40కి ఆవిడ నుంచి వాట్సాప్. చీకట్లో తీసిన మసక ఫొటో. మర్ఫీ గడ్డి మీద పక్కకి వాలి, నాలుగు కాళ్లూ చాపుకుని పడుకుంది. పక్కన హేజల్ నిలబడి ఉంది. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు ఆవిడ.

ఆ ఫొటో నానమ్మకి చూపించమని మా పిన్నికి పంపా. నానమ్మ తాతయ్య పోయాక ఊళ్లో ఒక్కతే ఉంటోంది. నాన్న హైదరాబాద్ ఫ్లాట్‌కి రమ్మంటే రాదు. రాత్రిళ్లు తోడు పడుకోవడానికి ఒక మనిషిని పెడితే, వారం తిరక్కుండా డబ్బులిచ్చి పంపించేసింది. నాన్నకీ ఆవిడకీ దీని మీద ఎప్పుడూ గొడవే. నేను నాన్న వైపే మాట్లాడేవాణ్ణి.

ఒక్క మాట, న్యూ ఫారెస్ట్ వస్తే పోనీలకి తిండి పెట్టకండి, సెల్ఫీ కోసం మెడ మీద చెయ్యేయకండి. అలవాటుపడి రోడ్డు మీదకొస్తాయి, పైగా జరిమానా.

డిసెంబరులో ఆవిడ మొదటిసారి మళ్లీ మర్ఫీకి జీను వేసింది. నన్ను కంచె దగ్గర నిలబడి హేజల్‌ని చూస్తూ ఉండమంది. గేటు దాటి, ఓక్ చెట్ల వెనక్కి వెళ్లిపోయారు. హేజల్ తల ఎత్తింది. ఒక్కసారి సకిలించింది. ఈసారి చెట్ల వెనక నుంచి మర్ఫీ జవాబిచ్చింది. హేజల్ మళ్లీ ఎండుగడ్డిలో మూతి పెట్టింది. యాభై నిమిషాలు. నాకు కాళ్లు గడ్డకట్టాయి, దానికేం కాలేదు.

అక్కడి నుంచే నానమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. "మరి భయపడలేదా అది?" అంది. లేదన్నా. "అవతలిది తిరిగొస్తుందని తెలుసేమోలే" అంది. కాసేపాగి, "టికెట్ ఎప్పటికి తీశావు?" అని అడిగింది.

సంక్రాంతికి దొరకలేదు. ఫిబ్రవరి 9కి అని చెప్పా.